ఐరన్ వుల్ఫ్ (రోలర్ కోస్టర్)

ఐరన్ వుల్ఫ్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రయాణికులను కూర్చోబెట్టకుండా నిలుచోబెట్టి తిప్పిన ఒక ఉక్కు రోలర్ కోస్టర్. ఈ పేరుకు ఇనుప తోడేలు అని అర్థము. ఇది 1990 ఏప్రిల్ 28న ఇల్లినాయ్ రాష్ట్రములోని గర్నీ పట్టణములో, సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికా అనే వినోద ఉద్యానవనములో ప్రారంభమైనది. 2011లో దీనిని విప్పి మేరీలాండ్ రాష్ట్రములోని సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా ఉద్యానవనానికి తరలించారు. అక్కడ 2012 జూన్ 8న అపోకలిప్స్ అనే పేరుతో రెండవసారి ప్రారంభమైనది. 2018 సీజను తరువాత నిలుచునే బండ్లను తొలగించి, కూర్చునే బండ్లను అమర్చి, 2019లో ఫైర్‌బర్డ్ అని పేరు మార్చారు. ఆ ఉద్యానవనము 2025 నవంబరు 2న శాశ్వతముగా మూతబడినది.

నేడు ప్రపంచములో పేరెన్నికగన్న రోలర్ కోస్టర్ తయారీదారులలో ఒకటైన బోలిగర్ అండ్ మాబియార్ అనే స్విట్జర్లాండ్ సంస్థకు ఇది మొట్టమొదటి కోస్టర్. ఒకే ఉక్కు చట్రము రెండు ఊళ్ళలో, మూడు పేర్లతో పనిచేయుట, చివరకు దాని ప్రత్యేకత అయిన నిలుచునే పద్ధతినే వదులుకొనుట దీని చరిత్రలోని విశేషము. ఆ పద్ధతిని ఎందుకు వదులుకోవలసి వచ్చినదో తెలియవలెనంటే యంత్రముతో పాటు మనిషి శరీరమును గూర్చి కూడా కొంత చెప్పుకోవలెను.

రోలర్ కోస్టర్ పనిచేయు విధానము

మన తిరునాళ్ళలో రంగులరాట్నము, జెయింట్ వీల్ చూసినవారికి రోలర్ కోస్టరును పరిచయము చేయుటకు ఒక తేడా చెప్పిన చాలును. జెయింట్ వీల్‌ను మోటారు ఆసాంతము తిప్పుచునే ఉంటుంది. సాధారణ రోలర్ కోస్టరులో మాత్రము మోటారు పని మొదటి ఎత్తు ఎక్కించుట వరకే. ఒక గొలుసు బండిని శిఖరము దాకా లాగి వదిలివేయును. అక్కడినుండి స్టేషను చేరే వరకు బండికి ఇంజను ఉండదు, భూమ్యాకర్షణయే నడిపించును. ఎక్కునప్పుడు టకటకమని వినిపించే చప్పుడు, గొలుసు తెగినను బండి వెనుకకు జారకుండా పట్టుకొనే పళ్ళ కొక్కెము చేయు చప్పుడు. భయపెట్టుటకు పెట్టిన శబ్దమని కొందరనుకొందురు గాని, అది రక్షణ ఏర్పాటు.

ఐరన్ వుల్ఫ్ ఎత్తు 100 అడుగులు, అనగా సుమారు 30.5 మీటర్లు. ఘర్షణను విస్మరించి ఆ ఎత్తునుండి జారిన వస్తువు నేలమట్టములో పొందే వేగమును పాఠశాల సూత్రముతో లెక్కించినచో సెకనుకు 24 మీటర్ల పైచిలుకు, గంటకు సుమారు 88 కిలోమీటర్లు వచ్చును. ఈ కోస్టరుకు ప్రకటించిన వేగము గంటకు 55 మైళ్ళు, అనగా ఇంచుమించు అంతే. బండిలో లావుపాటివారు ఉన్నా బక్కపలుచనివారు ఉన్నా ఈ లెక్కలో మార్పు లేదు, సూత్రములో బరువు కొట్టివేయబడును గనుక.

బండి పట్టాల నుండి ఎగిరిపోకుండుటకు ప్రతి చోటా మూడు రకముల చక్రములుండును. పట్టా పైన దొర్లేవి బరువును మోయును. ప్రక్కనుండి ఒత్తేవి మలుపులలో కాపాడును. పట్టా క్రిందనుండి పట్టుకొనేవి బండి పైకి లేవకుండా చూచును. అందువలన బండి తలక్రిందులైనను పట్టాను విడువదు. ఇక ఒకటికి మించి బండ్లు తిరుగు కోస్టర్లలో, రైల్వేలో వలెనే మార్గమును భాగములుగా విభజించి, ముందున్న భాగము ఖాళీ అయిన తరువాతనే వెనుక బండిని వదలుదురు.

నిలుచునే బండ్ల పుట్టుక

కోస్టరులో నిలుచోబెట్టే ఆలోచన జపాను దేశమునకు చెందిన టోగో సంస్థ ద్వారా 1980ల తొలినాళ్ళలో ఆచరణలోకి వచ్చినది. ముందు పాత కోస్టర్లకే నిలుచునే బండ్లను తగిలించి చూచారు. మొదటినుండి నిలుచునేందుకే రూపొందించిన కింగ్ కోబ్రా 1984లో ఒహాయో రాష్ట్రములోని కింగ్స్ ఐలండ్ ఉద్యానవనములో తెరుచుకొన్నది. కెనడాలో స్కైరైడర్ 1985లో, వర్జీనియా రాష్ట్రములో షాక్‌వేవ్ 1986లో వచ్చినవి. ఈ మూడూ టోగో వారివే.

ఈ ఉత్సాహము వెనుక ఒక విషాదము కూడా కలదు. మిస్సోరీ రాష్ట్రములో సెయింట్ లూయిస్ సమీపమునగల ఒక సిక్స్ ఫ్లాగ్స్ ఉద్యానవనములో, కూర్చొని ప్రయాణించుటకు 1971లో కట్టిన గని బండి తరహా కోస్టరుకు 1984లో నిలుచునే బండ్లను అమర్చి రైల్ బ్లేజర్ అని పేరు పెట్టారు. అదే సంవత్సరము జూలైలో ఒక మహిళ ఆ బండి నుండి క్రిందపడి మరణించినది. పిమ్మట దానికి మరల కూర్చునే బండ్లనే తెచ్చి పాత పేరునే ఉంచారు. కూర్చున్నవానికి సీటే సగము రక్షణ. తొడలపై ఒక కడ్డీ వాలినచో మనిషి కదలలేడు. నిలుచున్నవానిని ఆ విధముగా పట్టి ఉంచుట చాలా కష్టము. తరువాతి నిలుచునే కోస్టర్ల రూపకల్పనలో భుజములను, నడుమును, కాళ్ళ నడుమను, మూడు చోట్లా పట్టి ఉంచే ఏర్పాటు అందుకే ఇంత బరువైనది.

బోలిగర్, మాబియార్

వాల్టర్ బోలిగర్, క్లాడ్ మాబియార్ అనే ఇంజనీర్లు మొదట జొవనోలా అనే స్విస్ ఉక్కు సంస్థలో పనిచేసేవారు. ఆ సంస్థ ఇంటామిన్ అనే మరొక సంస్థ కొరకు వినోద యంత్రములను తయారుచేసి ఇచ్చేది. 1986లో కాలిఫోర్నియాలోని సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో ఇంటామిన్ పేరుతో వచ్చిన షాక్‌వేవ్ అనే నిలుచునే కోస్టరు జొవనోలాలో తయారైనదే. పైన చెప్పిన వర్జీనియా షాక్‌వేవ్‌తో దీనికి సంబంధము లేదు, పేరు మాత్రమే ఒకటి.

1988లో ఇద్దరూ బయటకు వచ్చి స్విట్జర్లాండ్‌లోని మోంతే పట్టణములో స్వంత సంస్థను స్థాపించారు. ఆ తరువాత వారికి దక్కిన మొదటి కోస్టరు ఐరన్ వుల్ఫ్. చతురస్రాకారపు బోలు ఉక్కు దూలము వెన్నెముకగా, దానిపై రెండు గొట్టపు పట్టాలు, ఒక వరుసకు నలుగురు ప్రయాణికులు అనే నమూనాను ఈ సంస్థ తరువాతి కోస్టర్లలోను కొనసాగించినది. ఒకసారి చూచినవారు దూరమునుండియే గుర్తుపట్టగలరు.

రెండేళ్ళ తరువాత, 1992లో, అదే గర్నీ ఉద్యానవనములో ఈ సంస్థ బ్యాట్‌మాన్ ది రైడ్ అనే కోస్టరును నిర్మించినది. ఇందులో పట్టాలు తలపైన, ప్రయాణికుల కాళ్ళు గాలిలో వేలాడుచుండును. సంస్థకు ప్రపంచవ్యాప్త కీర్తి తెచ్చినది ఈ రెండవ తరహాయే. అయినను మొదటి అడుగు నిలుచునే బండితోనే పడినది.

నిర్మాణము, ప్రయాణము

ఐరన్ వుల్ఫ్ మార్గము పొడవు 2,900 అడుగులు, సుమారు 884 మీటర్లు. ప్రారంభమైన నాటికి నిలుచునే కోస్టర్లలో ఇదే ఎత్తైనది, వేగమైనది. ఒక్కొక్క బండికి 7 వరుసలు, వరుసకు నలుగురు, మొత్తము 28 మంది. తలక్రిందులు చేసే చోట్లు రెండు. మొదటిది నిలువు లూప్. రెండవది కార్క్ స్క్రూ, అనగా సీసా బిరడా తీసే మెలి తిరిగిన ఇనుప సాధనము వలె ప్రక్కకు మెలితిరిగే మార్గము.

లూప్ ఆకారమును గూర్చి ఒక మాట. చూచుటకు అది గుండ్రముగా తోచును గాని నిజమునకు నీటిబొట్టు ఆకారములో ఉండును. సరిగ్గా వృత్తాకారములో కట్టి, పైన పడిపోకుండుటకు చాలినంత వేగముతో మాత్రమే పంపినను, అడుగున ప్రవేశించునప్పుడు మనిషికి తన బరువు ఆరు రెట్లుగా తోచును. ఇది పదునొకండవ తరగతి భౌతికశాస్త్రములోని లెక్కయే. మెడ దానిని తట్టుకొనుట కష్టము. అందుచేత అడుగున విశాలమైన వంపు, పైన బిగువైన వంపు ఉండునట్లు మలచుదురు. 1976లో మ్యాజిక్ మౌంటెన్‌లో అంటన్ ష్వార్జ్‌కోఫ్ నిర్మించిన రివల్యూషన్ అనే కోస్టరుకు వెర్నర్ స్టెంగెల్ అనే జర్మను ఇంజనీరు ఈ ఆకారమును ఉపయోగించి సఫలుడైనాడు. అప్పటినుండి ఇదే ఆనవాయితీ.

బండి ఎక్కు విధము కూర్చునే కోస్టర్ల కన్న భిన్నమైనది. ప్రయాణికుడు తన చోటికి వెళ్ళి వీపును వెనుక పలకకు ఆనించి నిలుచొనును. కాళ్ళ నడుమ సైకిలు సీటు వంటి చిన్న సీటు ఉండును. అది పలకతో పాటు పైకి క్రిందికి కదలును. మనిషి ఎత్తుకు తగిన చోట దానిని బిగించుదురు. భుజముల మీదుగా మెత్తని దిండు కట్టిన ఇనుప చట్రము దిగి తాళము పడును. ఈ సమయములో మోకాళ్ళను కొద్దిగా వంచి ఉంచవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. మునివేళ్ళపై లేచి నిలుచున్నవాని సీటు మరీ పైన బిగిసిపోవును. తరువాత పడే ప్రతి కుదుపు సున్నితమైన చోటనే తగులును. చీరతో గాని పంచెతో గాని ఈ సీటుపై నిలుచొనుట అసాధ్యమని వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక్కొక్కరి ఎత్తుకు ఒక్కొక్క సీటును సరిచేయుట వలన స్టేషనులో ఆలస్యమయ్యేది. 28 మందిలో ఒక్కనికి సరిగా బిగియకున్నను బండి కదలదు. రద్దీ దినములలో గంటకు ఎందరిని తిప్పగలరన్నదే ఏ ఉద్యానవనమునకైనా ముఖ్యమైన లెక్క గనుక, ఇది యాజమాన్యములకు నచ్చని విషయము. పొట్టి పిల్లలకు సీటు అంత క్రిందికి దిగదు. అందువలన నిలుచునే కోస్టర్లకు సాధారణముగా కనీసము 54 అంగుళముల ఎత్తు ఉండవలెననే నియమము ఉండేది. తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలలో చాలామంది క్రిందనే ఆగిపోవలసినదే.

నిలుచున్న శరీరము

మైలవరము నుండి నూజివీడు పోవు బస్సులో నిలుచొని ప్రయాణించినవారెవరైనా ఈ విషయమును సులభముగా గ్రహించగలరు. బస్సు మలుపు తిరిగినప్పుడు కూర్చున్నవాడు ప్రక్కవానికి కొద్దిగా ఒరుగును. నిలుచున్నవాడు పై కడ్డీని పట్టుకొని ఊగిపోవును. గుంత వచ్చినప్పుడు వాని మోకాళ్ళు తమంతట తాము వంగి కుదుపును మ్రింగును. నిలుచున్న మనిషికి ప్రకృతి ఇచ్చిన రక్షణ ఆ మోకాలి వంపే. కోస్టరులో భుజములపై చట్రము, కాళ్ళ నడుమ సీటు బిగిసిన తరువాత ఆ రక్షణలో అధికభాగము పోవును. కుదుపు సూటిగా వెన్నుకు, మెడకు చేరును.

రెండవ కారణము తల ఉన్న ఎత్తు. పట్టా మెలితిరుగునప్పుడు పట్టాకు దగ్గరగా ఉన్న భాగము తక్కువ దూరము, దూరముగా ఉన్న భాగము ఎక్కువ దూరము కదలును. గొడుగును చేతిలో మెలితిప్పినప్పుడు కర్ర చివరకన్న అంచు వేగముగా తిరుగుట వంటిదే ఇది. కూర్చున్నవాని తలకన్న నిలుచున్నవాని తల పట్టాలకు ఎంతో దూరము. కావున అదే మెలి, అదే వేగములో, నిలుచున్నవాని తల ఎక్కువగా ప్రక్కకు విసరబడును. ప్రక్కనే చెవుల దగ్గర భుజచట్రము ఉండుటచేత తల దానికి కొట్టుకొనును. నిలుచునే కోస్టర్లపై వచ్చిన ఫిర్యాదులలో ప్రధానమైనది ఈ తల కొట్టుకొనుటయే. ఐరన్ వుల్ఫ్ కూడా పాతబడిన కొలది ఈ అపవాదు మోసినది.

మూడవది రక్తప్రసరణ. అడుగు వంపులలో శరీరపు బరువు మూడు నాలుగు రెట్లు పెరిగినట్లు తోచునని చెప్పితిమి గదా, రక్తపు బరువు కూడా అంతే పెరుగును. నిలుచున్నవానిలో గుండెకు, పాదములకు మధ్య దూరము హెచ్చు. రక్తము కాళ్ళలోనికి దిగిపోయి, తలకు చేరునది క్షణకాలము తగ్గును. కొందరికి కన్నులముందు మసక కమ్మును. యుద్ధవిమానముల చోదకులకు ఎదురయ్యే స్థితి ఇదే, కాకున్న అక్కడ తీవ్రత, వ్యవధి ఎక్కువ. ఆరోగ్యవంతునికి ఒకటి రెండు సెకనులలో సర్దుకొనును. రక్తపోటు, గుండె జబ్బు, వెన్నునొప్పి ఉన్నవారు, గర్భిణులు ఇటువంటి కోస్టర్లు ఎక్కరాదని ప్రవేశద్వారమువద్ద బోర్డు పెట్టుట ఆచారము కోసము కాదు.

ఇన్ని ఇబ్బందులున్నను నిలుచునే బండిని ఇష్టపడినవారు తక్కువమంది కాదు. వారి మాటలోను న్యాయమున్నది. సీటులో కూర్చున్నవాడు బండిలో ఉన్నాననుకొనును, నిలుచున్నవాడు తానే పరుగెత్తుచున్నాననుకొనును. లూప్ శిఖరమున పాదములు ఆకాశమువైపు, తల భూమివైపు ఉన్నప్పుడు అరికాళ్ళు ఇంకను పలకకే అదిమియుండుట ఒక చిత్రమైన అనుభవము. నీళ్ళ చెంబును తాడుకు కట్టి గిరగిర త్రిప్పినప్పుడు నీరు ఒలకకుండుటకు ఏది కారణమో దీనికీ అదే కారణము. తిరునాళ్ళలో బావి గోడపై మోటారు సైకిలు నడిపేవాడు పడిపోకుండుటలోను ఉన్నది ఇదే సూత్రము. కూర్చునే కోస్టరులో ఈ సంగతి వీపుకు, తొడలకు తెలియును. ఇక్కడ అరికాలికి తెలియును.

గర్నీ నుండి మేరీలాండుకు

గర్నీ ఉద్యానవనము 1976లో మారియట్ సంస్థ తెరచినది. 1984లో సిక్స్ ఫ్లాగ్స్ చేతికి వచ్చినది. షికాగో, మిల్వాకీ నగరముల మధ్య రహదారిపై ఉన్నందున ఆ ప్రాంతపు తెలుగు కుటుంబములకు కూడా ఇది సుపరిచితమే. అక్కడ ఐరన్ వుల్ఫ్ 21 సీజనులకు పైగా నడిచి 2011 సెప్టెంబరు 5న ఆగినది. ఆ స్థలములో 2014లో గొలియత్ అనే కొయ్య కోస్టరు వచ్చినది.

ఉక్కు కోస్టరును తరలించుట వినుటకు వింతగా ఉన్నను సాధ్యమైన పనియే. మార్గమంతయు ముక్కలుగా తయారై మరలతో బిగింపబడి ఉండును. విప్పి, ప్రతి ముక్కకు అంకె వేసి, లారీలపై తరలించి, క్రొత్తచోట పునాదులు మాత్రము మరల వేసి నిలబెట్టుదురు. కాలిఫోర్నియా షాక్‌వేవ్ ఇంతకన్న ఎక్కువ తిరిగినది. 1988 వరకు మ్యాజిక్ మౌంటెన్‌లో ఉండి, 1990లో న్యూజెర్సీకి, 1993లో టెక్సాస్ రాష్ట్రపు హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్‌కు చేరినది. 2005లో ఆ ఉద్యానవనమే మూతబడినది. మొదటి కోస్టరును రూపొందించుటకు ముందు బోలిగర్, మాబియార్లు పనిచేసిన సంస్థలో తయారైన యంత్రమునకు, వారి స్వంత మొదటి యంత్రమునకు ఇంచుమించు ఒకే జాతకము వ్రాసియుండుట గమనింపదగినది.

మేరీలాండ్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా, వాషింగ్టన్ నగరమునకు తూర్పున ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో ఉండేది. దక్షిణ భారతీయులు తరచు దర్శించే లాన్‌హామ్‌లోని శివవిష్ణు ఆలయము కూడా ఈ కౌంటీలోనిదే. ఉదయము దైవదర్శనము, మధ్యాహ్నము కోస్టరు దర్శనము ఒకే దినమున చేయుటకు వీలుండేదన్న మాట. ఇక్కడ దీనికి అపోకలిప్స్, అనగా ప్రళయము, అని పేరు పెట్టి, రంగులు మార్చి, ప్రళయానంతర ప్రపంచమును తలపించే అలంకరణ చేసిరి. మార్గము పాతదే, బండ్లు నిలుచునేవే.

కూర్చునే బండ్లు వచ్చుట

2010ల నాటికి నిలుచునే కోస్టర్లకు గడ్డుకాలము వచ్చినది. కింగ్ కోబ్రా అంతకుముందే 2001లో ఆగిపోయినది. స్కైరైడర్ 2014లో ఆగి, ఇటలీకి తరలి, మరుసటి యేడు అక్కడ తెరుచుకొన్నది. వర్జీనియా షాక్‌వేవ్ 2015లో మూతబడినది. అయితే బోలిగర్ అండ్ మాబియార్ కోస్టర్లకు ఒక మార్గము మిగిలియున్నది. వారి పట్టాలపైననే నేలలేని కోస్టరు అనే మరొక తరహా బండి నడువగలదు. అందులో మామూలు సీటుండును గాని కాళ్ళ క్రింద పలక ఉండదు. కూర్చున్నను కాళ్ళు పట్టాల మీదుగా వేలాడుచుండును. కోట్ల రూపాయల విలువైన ఉక్కు మార్గమును పడగొట్టనవసరము లేకుండా బండ్లను మార్చి, ప్రయాణికులు ఎక్కునప్పుడు మాత్రము కాళ్ళ క్రిందికి వచ్చి తరువాత తొలగిపోయే నేలను స్టేషనులో అమర్చిన చాలును.

ఒహాయో రాష్ట్రములోని సీడార్ పాయింట్‌లో 1996 నుండి నడిచిన మాంటిస్ ఈ విధముగా 2015లో రూగరూ అయినది. కాలిఫోర్నియాలో, తెలుగువారు అధికముగా నివసించే శాంటా క్లారాలోని 1991 నాటి వోర్టెక్స్ 2017లో పేట్రియట్ అయినది. మూడవది ఐరన్ వుల్ఫ్. 2019లో ఫైర్‌బర్డ్, అనగా అగ్నిపక్షి, అను పేరుతో ఎరుపు, నారింజ వర్ణములు దాల్చినది. తల పట్టాలకు దగ్గరైనది. సైకిలు సీటు పోయినది. లూప్, మెలి మునుపటివే అయినను, నిలుచున్నవానికి కష్టమైన మలుపు కూర్చున్నవానికి సహింపదగినదైనది.

2024 జూలైలో సిక్స్ ఫ్లాగ్స్, సీడార్ ఫెయిర్ అనే రెండు పెద్ద వినోద సంస్థలు ఒకటైనవి. 2025 మే నెలలో ఆ క్రొత్త సంస్థ మేరీలాండ్ ఉద్యానవనమును ఆ సీజనుతో మూసివేయుచున్నట్లు ప్రకటించినది. 2025 నవంబరు 2 చివరి దినము. మొదటిసారి కోస్టరు ఊరు విడిచినది, రెండవసారి ఉద్యానవనమే కోస్టరు చుట్టూ ఖాళీ అయినది.

ఇతర నిలుచునే కోస్టర్లు

బోలిగర్ అండ్ మాబియార్ 1990 నుండి 1999 వరకు మొత్తము ఏడు నిలుచునే కోస్టర్లను నిర్మించినది. వీటిలో అన్నిటికన్న పెద్దది 1998లో మ్యాజిక్ మౌంటెన్‌లో వచ్చిన రిడ్లర్స్ రివెంజ్. దాని ఎత్తు 156 అడుగులు, వేగము గంటకు 65 మైళ్ళు, తలక్రిందులు చేసే చోట్లు ఆరు. చివరిది 1999 నాటి జార్జియా స్కార్చర్. కెంటకీలో 1997లో చాంగ్ పేరుతో మొదలైనది 2011లో న్యూజెర్సీలో గ్రీన్ లాంటర్న్‌గా మారి 2024లో ఆగిపోయినది.

ఇరువదినాలుగు సంవత్సరముల విరామము తరువాత ఈ సంస్థ 2023 మే 27న ఫ్లోరిడాలోని సీవరల్డ్ ఆర్లాండోలో పైప్‌లైన్ అనే కోస్టరుతో నిలుచునే పద్ధతిని మరల తెచ్చినది. సముద్రపు అలలపై పలక మీద నిలుచొని జారే క్రీడ దీనికి ఆధారము. ఇందులో సీటు ఒకచోట బిగిసియుండదు. ప్రయాణములో మనిషితో పాటు పైకి క్రిందికి కదలుచుండును. అనగా, బస్సులో నిలుచున్నవానికి ఉన్న మోకాలి వంపును ముప్పదిమూడేళ్ళ తరువాత యంత్రమే ప్రయాణికునికి తిరిగి ఇచ్చినదన్న మాట.

తెలుగునాట

తెలుగు రాష్ట్రములలోని పెద్ద ఉద్యానవనములలో 2016లో హైదరాబాదు శివారున రావిర్యాల వద్ద ప్రారంభమైన వండర్లా ఒకటి. అందులోని రికాయిల్ అనే కోస్టరు బండిని ముందుకు ఒకసారి, అదే దారిన వెనుకకు ఒకసారి తలక్రిందులుగా నడిపించును. అది కూర్చునే కోస్టరు. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ బూమరాంగ్ నమూనాలోనిది. వెనుకకు పోవునప్పుడు రాబోయే మలుపు కనిపించదు గనుక మెడను ముందుగా బిగబట్టుకొనుటకు వీలుండదు. నిలుచునే కోస్టరు వేరొక విధముగా కలిగించిన ఇబ్బందికి ఇది దగ్గరి బంధువు. ఎక్కువారు తలను వెనుక దిండుకు ఆనించి ఉంచుకొనుట మంచిది.

ఇక బోలిగర్ అండ్ మాబియార్ వారి కోస్టరును చూడవలెనంటే తెలుగువారు అమెరికా దాకా పోనక్కరలేదు. 2025 డిసెంబరులో చెన్నైలో ప్రారంభమైన వండర్లాలో తండోరా అనే కోస్టరు ఈ సంస్థదే. అది పట్టాలు తలపై ఉండి కాళ్ళు వ్రేలాడే తరహాకు చెందినది, అనగా 1992లో గర్నీలో ఐరన్ వుల్ఫ్‌కు పొరుగున పుట్టిన నమూనాకు వారసురాలు. మేరీలాండ్‌లో ఈ సంస్థ మొదటి కోస్టరు ఉన్న ఉద్యానవనము మూతబడిన మరుసటి నెలలోనే ఇది తెరుచుకొన్నది.